పువ్వు అంటే అన్నీ

నా గొంతు ఇప్పుడు వినేవాళ్లకు రంపంతో కట్టె కోస్తున్నట్టు ఉంటుంది. మొదట్లో ఇట్లా ఉండేది కాదు. మెడలో గడ్డ లేస్తే పట్నంలో పెద్ద దవాఖానలో కోసి తీశారు. ఆ తర్వాత మిగిలిన గొంతు ఇది. అంతకు ముందు మా సురంగల్‌లో నాట్లు పడుతున్నాయంటే పాట ఎత్తుకునేది నేనే. నేను ఈ గట్టున మొదలుపెడితే ఆ గట్టున వంగినవాళ్లు అందుకునేవాళ్లు.

నేను చెబుతుంటే ఇది టైపు చేస్తున్నది మా మేడం. మొయినాబాద్‌లో వాళ్లింట్లో నేను వంట చేస్తాను. వాళ్లది కృష్ణా జిల్లా వైపు. వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆమెకు కంప్యూటర్ ఉద్యోగం, ఇంట్లోనే కూర్చుని చేస్తుంది. ఆమె గోంగూర అంటుంది, నేను పుంటికూర అంటాను. గిన్నెలో పడేది ఒకటే. నా మాటను పుస్తకం మాటగా మార్చి రాస్తానన్నది, సరే అన్నాను. ఒక్క షరతు పెట్టాను. జరిగింది జరిగినట్టు రాయాలి, తన మీద తప్పు ఎక్కువ వేసుకోకూడదు, నా మీద తక్కువ వేయకూడదు.

నా గొంతు బాగున్న రోజుల్లో నా పాటలన్నీ నా భర్త ఫోనులో పట్టి దాచాడు. ఆయన అజీజ్‌నగర్‌లో ఒక ఫాంహౌస్‌లో తోటపని చేసేవాడు. ఆయనకు పాడటం రాదు. పాడబోతే కట్టేసిన మేకలు కూడా తలెత్తి చూసేవి. వినడం మాత్రం వచ్చు. నేను బట్టలు ఉతుకుతున్నా, బియ్యంలో రాళ్లు ఏరుతున్నా ఫోను తెచ్చి నా ముందు పెట్టేవాడు.

"ఏందయ్యా, మీదికొస్తున్నవ్? నాకు పనున్నది."

"నీ పని నువ్వు జేస్కో. నోరు ఖాళీనే ఉన్నది గదా, పాడు."

పాట అయిపోగానే ఆ ఫోను ఒక పేరు అడుగుతుంది. పేరు రాస్తేనే పాట దాస్తుంది. ఆయనకూ అక్షరాలు రావు, నాకూ రావు. సంతకం గీస్తాం, బస్సు మీద నంబరు గుర్తుపడతాం, అంతే. అయితే ఆ ఫోనులో ఒక మీట నొక్కితే అక్షరాలు పోయి గుర్తులు వచ్చేవి. ఆయన వాటిని చాలాసేపు చూశాడు. తర్వాత ఒకటి నొక్కి నాకు చూపించాడు. అది ఇట్లా ఉంది: ?

"గిదేంది చెప్పు?"

"కొడవలి లెక్కున్నది."

"కోత పాటకు పెట్టిన. చూసినవా, నువ్వు సదివినవ్, నేను రాసిన. ఇగ బడి ఎందుకు మనకు?"

అట్లా మొదలైంది. కోత పాటలకు కొడవలి. జోల పాటలకు # గుర్తు, అది ఆయన కంటికి నులక మంచం. నాట్ల పాటలకు ~ గుర్తు, మడిలో కదిలే నీళ్లు. తిరగలి పాటలకు & గుర్తు, కాళ్లు మడిచి కూర్చున్న ఆడమనిషి. బతుకమ్మ పాటలకు * గుర్తు, పువ్వు. ఒకే రకం పాట మళ్లీ పడితే పక్కన రెండు, మూడు అని అంకె వేసేవాడు. ఆ వరస చూసి నాకు కావలసిన పాట నేనే వెతుక్కునేదాన్ని. నా బతుకులో నేను చదివింది అదొక్కటే.

ఆపరేషన్ అయినాక నెల రోజులు నన్ను మాట్లాడవద్దన్నారు. ఆ నెలంతా ఆయన నా పాటలు నాకే వినిపించాడు. తర్వాత రెండేళ్లకు, ఒక పొద్దున మొక్కలకు నీళ్లు పెడుతూ గుండె పట్టుకుని కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు. ఫోను నా దగ్గరికి వచ్చింది. మేడం వాళ్ల వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టుకుని వింటూ పని చేసేదాన్ని. పాట మొదట్లో ఆయన దగ్గు, చివర్లో "ఆఁ, అయింది" అన్న మాట ఉండేవి. పాట కన్నా నేను వాటి కోసమే పెట్టేదాన్ని.

ఒకరోజు ఆ ఫోను వీపు పూరీలాగా ఉబ్బింది. మంచినీళ్ల కోసం వచ్చిన మేడం చూసి కేక పెట్టింది.

"పెద్దమ్మా, వదలండి దాన్ని! పేలిపోద్ది!"

మొయినాబాద్ రోడ్డు మీద ఫోన్లు బాగుచేసే దుకాణానికి తీసుకుపోయాం. దుకాణమాయన దాన్ని వేలితో కూడా ముట్టలేదు. "అవ్వా, దీని పనైపోయింది. గీ బ్యాటరీ ఇప్పుడు దొర్కదు. పడేసి కొత్తది తెచ్చుకో," అన్నాడు.

ఇంటికి రాగానే మేడం భయపడుతూనే దానికి వైరు పెట్టి పాటలన్నీ తన కంప్యూటర్‌లోకి దింపింది. నలభై ఒకటి వచ్చాయి. ఆ మధ్యాహ్నమే ఫోను నల్లబడిపోయింది, మళ్లీ వెలగలేదు. నా పానం అంతా ఇప్పుడు ఆమె కంప్యూటర్‌లో ఉందన్నమాట.

ఆ పాత రకం పాటలను ఇప్పటి కొత్త ఫోన్లు విప్పలేవట. వాటిని కొత్త రకంలోకి మార్చాలి. ఒక్కొక్కటి చేత్తో మార్చే బదులు స్క్రిప్ట్ రాస్తానంది. స్క్రిప్ట్ అంటే ఏందని అడిగితే, "ఒక చీటీ పెద్దమ్మా. చేయాల్సిన పనులన్నీ వరసగా అందులో రాసిస్తే కంప్యూటర్ చదువుకుంటా చేసుకుపోద్ది," అన్నది. రాసింది. కంప్యూటర్ ఒక్క పాట కూడా మార్చలేదు, ఎర్ర అక్షరాలతో ఏదో తిట్టింది. మేడం ఆ అక్షరాలు చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"మీ ఆయన పెట్టిన పేర్లు పేర్లు కాదు పెద్దమ్మా, ఆర్డర్లు! ఈ గుర్తులన్నిటికీ కంప్యూటర్ దగ్గర వేరే అర్థాలున్నాయి."

ఒక్కొక్కటి చెప్పింది. కొడవలి కనపడితే 'ఇక్కడ ఏదో ఒక అక్షరం ఉంది' అనుకుంటుందట. తిరగలి ముందు ఆడమనిషి కనపడితే 'ఈ పని వెనకాల చేసుకో' అన్నట్టట. మంచం కనపడితే దాని తర్వాత రాసింది చదవనే చదవదట.

"మంచం జూస్తే పండుకుంటదా?" అన్నాను.

"అచ్చం అంతే! మరి ఈ నీళ్లున్నాయి చూడండి, ఈ గుర్తుకు అర్థం ఇల్లు. కంప్యూటర్‌లో మన సొంతిల్లు."

"పువ్వు?"

"పువ్వంటే అన్నీ. ఇక్కడ ఏమేం ఉన్నాయో అన్నీ."

ఇద్దరం బాగా నవ్వుకున్నాం. అప్పుడు ఆమె మామూలుగా అన్నది, "పేర్లు మార్చేస్తా. పాట ఒకటి, పాట రెండు అని. నిమిషం పని, ఈ పేచీయే ఉండదు."

నాకు నవ్వు ఆగిపోయింది. "పాట ఒకటి అని రాస్తే అది కోతదో జోలదో నాకెట్ల ఎర్కయితది బిడ్డా?"

"నేను చెప్తాగా."

"ఎన్ని పొద్దులు చెప్తవ్? నాకు వచ్చిన సదువే అది. ఆయన రాసిండు, నేను నేర్సుకున్న. అది మార్సినవంటే నాకు మళ్ల అక్షరాలు పోయినట్లే."

ఆమె తెర వైపు తిరిగింది. "సరే, పేర్లు ముట్టుకోను. నా చీటీయే మార్చుకుంటా," అన్నది. నిమిషం పనిని నా కోసం రోజుల పని చేసుకుంది.

రెండు రోజుల తర్వాత జరిగింది అసలు సంగతి. మేడం బల్ల దగ్గర కూర్చుని ఒక చెవితో ఆఫీసు మాటలు వింటూ, ఇంకో చెవితో నా మాటలు వింటూ నా పాటల పని చేస్తున్నది. నేను కింద కూర్చుని పుంటికూర ఆకు తెంపుతున్నాను. బతుకమ్మ పాట విని చాలా రోజులైంది. పువ్వు గుర్తువి నాలుగు ఉన్నాయి. అందులో అంకె లేని ఒట్టి పువ్వు మొదటిది, అన్నిటికన్నా బాగా వచ్చింది.

"బిడ్డా, ఆ ఉత్త పువ్వు ఉన్నది సూడు, అది తియ్యి."

"తీసేయనా? నిజంగానా?"

"అబ్బ, తియ్యమంటున్న గదా!"

మా దగ్గర పాట తియ్యడం అంటే పాట మొదలుపెట్టడం. 'ఓ పాట తియ్యే' అంటే పాడవే అని. ఆమెకు తియ్యడం అంటే తీసి పారేయడం. ఆ పాట నాకు నచ్చలేదేమో, చెరిపేయమంటున్నాను అనుకుంది. ఆఫీసు వాళ్లకు ఏదో జవాబు చెబుతూనే, చెరిపెయ్ అనే మాట కొట్టి, పక్కన పువ్వు గుర్తు కొట్టింది.

నేను పాట వస్తుందని ఎదురుచూస్తున్నాను. రాలేదు. తలెత్తి చూస్తే ఆమె చెయ్యి నోటి మీద ఉంది.

"ఏమైంది?"

"పోయినయ్ పెద్దమ్మా."

"ఏం పోయినయ్?"

"అన్నీ."

"పువ్వొక్కటి గదా నేను చెప్పింది!"

"మీరు చెరిపేయమన్నారనుకున్నా. నేను దానికి పువ్వొక్కటే చెప్పా. దానికి పువ్వంటే..."

నాకు తెలుసు గదా, ఆమే చెప్పింది. నా మాట ఆమెకు ఒకలా వినపడింది, ఆమె మాట కంప్యూటర్‌కు ఒకలా వినపడింది. ఇద్దరం అడిగింది ఒక్క పువ్వు గురించే. అట్లా చెరిపినవి చెత్తబుట్టలోకి కూడా పోవట, ఒక్కసారిగా పోతాయట. పాటలు మార్చినాక నకలు తీసి దాద్దామనుకుందట. ఇంకా తీయలేదు.

చెవిలో పెట్టుకున్నది తీసి బల్ల మీద పడేసి ఆమె ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆకు తెంపడం పూర్తి చేసి, కూర వండి, మూతపెట్టి వచ్చేశాను. పోతున్నానని కూడా చెప్పలేదు. ఆటోలో సురంగల్ చేరేదాకా ఆమెను మనసులో తిట్టాను. అంత చదువు చదివి ఏం లాభం అనుకున్నాను. ఈ మాట రాయడానికి మేడం వెనకాడింది కానీ నేనే రాయమన్నాను. ఇంటికి పోయినాక వాకిట్లో కూర్చుంటే ఆయన దగ్గు ఎట్లా ఉండేదో గుర్తు చేసుకోబోయాను. రాలేదు. రోజూ విన్న దగ్గు, రాలేదు. ఆయన పోయిన రోజున కూడా నాకు అంత భయం వేయలేదు.

పొద్దున్నే మా ఇంటి ముందు కారు ఆగింది. మేడం ఎప్పుడూ మా ఇంటికి రాలేదు. దారి అడుగుతూ వచ్చిందట. తల కూడా దువ్వుకోలేదు.

"ఆ ఫోను ఏం చేశారు పెద్దమ్మా? పారేశారా?"

పేలుతుందని ఆమె భయపెట్టింది కాబట్టి ఇసుక పోసిన కుండలో పెట్టి, గోడ అవతల ఉంచాను. తెచ్చి చూపించాను.

"ఫోను చచ్చింది గానీ పాటలు దాన్లోనే ఉంటాయి. మనం కాపీ చేసుకున్నామే గానీ దాన్లోంచి చెరపలేదు. చేవెళ్లలో పాత ఫోన్లు బాగుచేసే ఆయన ఉన్నాడంట. నలుగురిని అడిగా. రండి."

కారు ఎక్కాం. కుండ నా ఒడిలో ఉంది. గుంతలో పడ్డప్పుడల్లా ఆమె కుండ వైపు చూసేది.

చేవెళ్లలో కూరగాయల మార్కెట్ పక్కన సందులో ఉంది ఆ దుకాణం. ఒక ముసలాయన, నుదుటికి భూతద్దం కట్టుకుని ఉన్నాడు. ఫోను వీపు విప్పి, ఉబ్బిన బ్యాటరీ మెల్లగా తీసి బయట పెట్టాడు.

"బ్యాటరీ లేకున్నా పానం పొయ్యొచ్చు. ఈ డబ్బాకెళ్లి కరెంటు ఇస్త. గానీ వైరు జర కదిలిందంటే ఆరిపోతది. మళ్ల లేస్తదో లేదో నేను చెప్ప. అవ్వా, నువ్వు గీడ బొటనేలు ఒత్తి పట్టు. కదలకు."

రెండు సన్న వైర్లు చిన్న పట్టకార్లతో ఆయన పట్టుకున్నాడు. ఫోను నేను ఒత్తి పట్టుకున్నాను. మేడం కంప్యూటర్‌ను ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఫోను వణికి, వెలిగింది. బయట టమాటా డబ్బాలు దించుతూ హమాలీలు అరుచుకుంటున్నారు. మేడం పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నది. పది. పదిహేడు. నా బొటనవేలు తిమ్మిరెక్కింది.

"చెయ్యి మారుస్తవా?" అన్నాడాయన.

"వద్దు," అన్నాను.

ఇరవై తొమ్మిది. ముప్పై ఆరు. నలభై ఒకటి అన్నప్పుడు మేడం గొంతు నా గొంతులాగా వచ్చింది.

అక్కడే, ఆ స్టూలు మీదే, ఇంకో నకలు పెన్‌డ్రైవ్ అనే ఒక చిన్న పుల్లలోకి తీసి నా కొంగున ముడివేసింది. "ఇది మీ దగ్గరే ఉండాలి. నాక్కూడా ఇవ్వొద్దు," అన్నది. ముసలాయన ఒక పాట వినిపించమన్నాడు. ఇంత పానం పోసినాక ఏం ఉందో తెలుసుకోవద్దా అన్నాడు. నాట్ల పాట పెట్టింది. ఆయన భూతద్దం పైకి నెట్టి చివరిదాకా విన్నాడు.

"గొంతు ఎవర్ది?"

"నాదే," అన్నాను.

నా గొంతు విని నా వైపు చూశాడు. బ్యాటరీని తానే జాగ్రత్తగా పడేస్తానని చెప్పి ఉంచుకున్నాడు.

ఆ ఆదివారం మేడం తన సెలవంతా నా పాటలకు పెట్టింది. ముందు అసలువి ముట్టుకోలేదు. అవే గుర్తులతో లోపల ఏమీ లేని ఉత్త పాటలు చేసి, వాటి మీద చీటీని నడిపి చూసింది. ఏం మార్చావని అడిగితే, పేరుకు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి వేసిన చిన్న గుర్తులు చూపించింది.

"వీటి మధ్యలో ఏముంటే అది ఉత్త పేరే. కంప్యూటర్ దానికి అర్థం వెతకదు."

"మూటకట్టి రెండు దిక్కుల ముడేసినట్టు."

"అంతే. ముడేసినాక పువ్వు పువ్వే."

మధ్యలో ఖాళీ వదిలిన పేర్లు కూడా ముడి వేయకముందు రెండు ముక్కలయ్యేవట. పువ్వు, పక్కన ఖాళీ, పక్కన రెండు అని ఉంటే, పువ్వు ఒకటి, రెండు ఒకటి అని విడగొట్టుకునేదట. ముడి పడ్డాక ఏ పేరూ విడిపోకుండా ఒక్కటిగానే నిలిచింది. కొడవళ్లు మారాయి. మంచాలు మారాయి. ఒక్కొక్కటి మారగానే విని చూశాం. చివరికి లెక్కపెడితే నలభై. మేడం చెయ్యి మళ్లీ నోటి మీదికి పోయింది. నేను కొంగు ముడి పట్టుకుని చూపించాను. "ఫికర్ జెయ్యకు, అసలు ఈడున్నది. మెల్లగ సూడు."

మారనిది దొరికింది. దాని పేరు ముందు ఒక అడ్డగీత ఉంది. గీత, తర్వాత నీళ్లు. గీతతో మొదలైతే అది పాట పేరు కాదు, తనకిచ్చిన హుకుం అనుకుని ఆ యంత్రం తికమక పడిందట. ముడి కట్టినా లాభం లేదట. గీతను ముందు కనపడనీయకుండా, 'ఇక్కడున్న' అని ఒక చిన్న మాట పేరుకు ముందు తగిలించాలట. తగిలించింది.

"ఈ గీత ఎందుకు పెట్టారు పెద్దమ్మా?"

"పాట సగంల ఆగినట్లున్నది. సగం అయిందానికి గట్ల గీత గీసెటోడు."

ఆ సగం పాట మారి వచ్చింది. మేడం పెట్టింది. నాట్ల పాట రెండు చరణాలు నడిచి ఆగిపోయింది. తర్వాత మా ఇద్దరి మాటలే.

"ఆపినవేందే? మంచిగ వస్తుండె గదా."

"పప్పు మాడుతున్నదయ్యా!"

"మాడనీ. నువ్వు పాడు."

"మాడిన పప్పు నువ్వు తింటవా?"

"తింట. పాడు."

ఆ తర్వాత నేను నవ్వడం, గిన్నె దించిన చప్పుడు, ఆయన దగ్గు. అంతే.

మేడం నా పక్కన కింద కూర్చుంది. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆటోలో తిట్టినదానికి ఏదో చెబుదామనుకున్నాను, ఆ మాట రాలేదు. "నా బిడ్డ వయసుదానివి, నా మొగడు రాసింది ఒక్క గీత కూడ చెరగకుంట చూసినవ్," అన్నాను.

"అదంతా సరే. పప్పు మాడిందా ఆ రోజు?"

"మాడింది."

"మరి తిన్నారా ఆయన?"

"తిన్నడు బిడ్డా. ఇంకింత వెయ్యమన్నడు."